మూడో కేక

నిన్న ఫ్రీజర్ సర్వీసుకి వచ్చిన మెకానిక్ చేసిన మొదటి పని, మూత పిడికి వేలాడుతున్న ఎర్ర అట్టముక్కని పీకబోవడం. "దీదీ, యే కచ్‌రా హటా దూఁ?" అన్నాడు, చెత్త అనుకుని. "చెయ్యి తియ్!" అని ఒక్క అరుపు అరిచాను. పాపం, అతను బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత నాకే సిగ్గనిపించి టీ పెట్టిచ్చాను. టీ తాగుతూ అతను ఫ్రీజర్ చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు, వెనక తీగ తడిమాడు. "దీన్ని బిగించిందెవరు దీదీ? మా కంపెనీవాళ్లు ఇంత ఓపిగ్గా బిగించరు" అన్నాడు హిందీలో. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అతని మీద కాదు, బిగించినాయన మీద.

ఆయన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనేవాళ్లకేం, వాళ్లింట్లో ఆయన ఏ స్విచ్‌కీ ట్యాగు కట్టలేదు.

పేరు ఇక్కడ రాయను. రాస్తే దానికింద తేదీ ఏదీ, సంతకం ఏదీ అంటాడు. నాకు మావయ్య. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు భిలాయి వచ్చారు, ఉక్కు ప్లాంటులో ఒకే గ్యాంగులో పనిచేశారు, ఒకే ఏడు రిటైరయ్యారు. నాన్న పోయాక మా ఇంట్లోకి కరెంటుతో నడిచే వస్తువు ఏదొచ్చినా ఆయన మరోదా నుంచి మా క్యాంప్ 2 దాకా సైకిలు తొక్కుకుంటూ దిగిపోయేవాడు. పిలవక్కర్లేదు. ఎవరు చేరవేసేవారో ఏమో, పొద్దున్న మిక్సీ కొంటే సాయంత్రానికి గుమ్మంలో సైకిలు గంట మోగేది.

హ్యాండిలుకి ఒక గుడ్డసంచి. అందులో ప్లయరు, మెత్తటి ఇనపతీగ చుట్ట, రెండు తీగలు వేలాడే బల్బు ఒకటి. మెడ చుట్టూ నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం, లెవెల్ చూడ్డానికి. సంచిలోంచి ఏదైనా తీసేముందు వస్తువు చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఈడి సంగతేటో సూద్దాం" అనేవాడు. మిక్సీ అయినా, గీజరు అయినా ఆయనకి "ఈడే". పని పూర్తయ్యేదాకా కుర్చీలో కూర్చోడు. టీ ఇస్తే నిలబడే సాసర్లో ఒంపుకుని ఊదుకుంటూ తాగుతాడు. "కూర్చో మావయ్యా" అంటే, "పని నిలబడున్నప్పుడు మనిసి కూకుంటాడేటి?" అంటాడు. ఆయన నిలబడి ఉంటే మనం కూర్చోలేం కదా. చెయ్యని పనికి మన కాళ్లు లాగేవి.

ఇదంతా భరించొచ్చు. భరించలేనిది ఆ ట్యాగు.

ప్లాంటులో ఏ మిషను రిపేరుకి దిగినా, దిగేవాడు ముందు దాని స్విచ్‌కి తన పేరు రాసి ఎర్ర ట్యాగు కడతాడట. ఆ ట్యాగు ఉన్నంతసేపూ ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా స్విచ్ ముట్టుకోకూడదు. కట్టినవాడే వచ్చి విప్పాలి. మంచిదే, ప్లాంటులో. ఈయన దాన్ని రిటైర్మెంట్ శాలువాతో పాటు ఇంటికి తెచ్చుకున్నాడు. చెప్పుల పెట్టె అట్ట కత్తిరించి, ఎర్రరంగు పూసి, తెల్లరంగుతో ఒకవైపు "మనిషి పనిలో ఉన్నాడు", రెండోవైపు హిందీలో అదే. కింద పేరు, తేదీ. మా మిక్సీకి ఒకటి, కూలర్‌కి ఒకటి, నీళ్ల మోటారుకి ఒకటి. ఒకసారి ఇస్త్రీపెట్టె తీగ మారుస్తానని ట్యాగు కట్టి, ఆ తీగ బజార్లో దొరక్క నాలుగు రోజులు రాలేదు. మా ఆయన ఆ నాలుగు రోజులూ నలిగిన చొక్కాల్తో డ్యూటీకెళ్లాడు.

ట్యాగు విప్పాక ఇంకో తంతు. స్విచ్ వేసేముందు మిషనులోకి తల పెట్టి మూడుసార్లు కేక వెయ్యాలి. మొదటి రెండూ హిందీలో: "అందర్ కౌన్ హై?" మూడోది అదే మాట తెలుగులో: "లోన ఎవులున్నారు?" ఒక్కో కేకకీ మధ్య పది అంకెలు లెక్కపెట్టాలి. మా కూలర్‌లోకి తల పెట్టి ఆయన అలా అరుస్తుంటే పక్కింటి పిల్లలు గోడెక్కి చూశారు. "కూలర్లో ఎవరుంటారు మావయ్యా? గడ్డీ నీళ్లూను!" అన్నాను. ఆయన నవ్వలేదు.

"మీ నాన్న అలగనుకుంటే నానీయాల ఈడ నిలబడుందునేటి?" అన్నాడు.

ఇక ఆ కథ మొదలు. నాకు కంఠతా వచ్చు. బొగ్గు జారే పెద్ద తొట్టి, బంకరు అంటారు, దానిలోకి దిగి ఈయన అంటుకుపోయిన బొగ్గు గీకుతున్నాడు. పైన ఎవడో తొందరగాడు, షిఫ్టు అయిపోయింది కదా, లోపల ఎవరుంటారులే అని ఈయన ట్యాగు విప్పేశాడు. రెండుసార్లు హిందీలో కేకేశారు. లోపల ఆ రొదలో ఈయనకి ఏ మాటా అందలేదు. స్విచ్ మీద చెయ్యి పడబోతుంటే మా నాన్న ఆగమని, తొట్టిలోకి వంగి మూడోసారి అరిచాడు.

"మన బాసలో అరిసినాడమ్మా. సెవిలోకి కాదు, తిన్నగా పొట్టలోకొచ్చీసింది. 'నానున్నాను' అని ఒక్క గెంతు గెంతినాను" అనేవాడు. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఆయన చేతిలో ప్లయరు కింద పెట్టేసేవాడు. నేను ప్రతిసారీ పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్లిపోయేదాన్ని. వినీ వినీ విసుగు. నాన్న మాటొస్తే నాకూ ఏదోలా ఉండేది, ఆ సంగతి ఆయనకి తెలియనివ్వడం ఇష్టం లేకపోయేది.

ఇప్పుడు ఫ్రీజర్ సంగతి.

మా ఆయన కాంట్రాక్టు పని ఆగిపోయి నాలుగు నెలలయింది. ఇంట్లో కూర్చుని ఇద్దరం ఒకరినొకరు కరుచుకుంటున్నాం. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. భిలాయిలో ఇన్ని తెలుగిళ్లున్నాయి, అందరికీ చెరువు చేప తిని తిని నాలుక చచ్చిపోయింది. విశాఖ నుంచి సముద్రపు చేప తెచ్చి, కడిగి, ముక్కలు కోసి ఇంటింటికీ ఇస్తే? మా ఆయన వెళ్లి, ఐసు పెట్టెల్లో సర్దుకుని, శనివారం సాయంత్రం రైలెక్కితే ఆదివారం పొద్దున్నకి మా పక్కనున్న దుర్గ్‌లో దిగుతాడు. మే నెల. ఐసు దుర్గ్ దాకా ఉండటమే గొప్ప. దిగిన చేప దిగినట్టు గడ్డకట్టే ఫ్రీజర్లో పడాలి. తెలిసిన ఇళ్లన్నిటికీ వంజరం, చందువా అని ఊరించి మాటిచ్చేశాను. మొదటి ఆదివారమే వాసనొచ్చే చేప పెడితే రెండో ఆదివారం అనేది ఉండదు. అది నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. అందుకే ఆయన విశాఖ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఫ్రీజర్ మాత్రం చూసుకో" అని ఒక్క మాట అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి ఫ్రీజర్ వచ్చింది. పైకి మూత తెరిచే పెట్టెలాంటిది, ఒక మనిషి పడుకోవచ్చు. ఆటోవాడు దాన్ని అడ్డంగా పడుకోబెట్టి తెచ్చాడు. గుమ్మంలో దించి, చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు. కంపెనీకి ఫోన్ చేస్తే బిగించే మనిషి సోమవారం వస్తాడన్నారు. సోమవారం ఎవడిక్కావాలి? పుస్తకం తీశాను. నాలుగు గంటలు నిలబెట్టి ఉంచండి, గోడకి దూరంగా పెట్టండి, స్విచ్ వెయ్యండి. ఇంతే కదా, దీనికో మనిషా అనుకున్నాను. పక్కింటి దీదీ, నేనూ కలిసి వంటింటి వెనక వరండాలోకి తోశాం. ఫర్షీ రాళ్ల నేల కదా, ఒక మూల ఊగింది. పెళ్లికార్డు ఒకటి మడిచి ఆ మూల కింద దోపాను. ఊగడం ఆగింది. నా భుజం నేనే తట్టుకుంటున్నాను, గుమ్మంలో సైకిలు గంట.

అప్పుడే పారిపోవాల్సింది.

ఆయన ఫ్రీజర్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగాడు. పెళ్లికార్డు లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇదేటి?"

"ఊగుతోంది మావయ్యా, అందుకని."

"పెల్లికొడుకు పేరు మీద బరువెట్టీసినావేటి? తడికి నానిపోద్ది. రెండ్రోజులకి మల్లీ ఊగుతాది. ఊగితే ఒనుకుతాది, ఒనికితే సచ్చిపోద్ది."

నా పాత నూనె డబ్బా కత్తిరించి సన్నసన్న రేకు ముక్కలు చేశాడు. నీళ్ల గొట్టం ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. ఈ మూల, ఆ మూల, మళ్లీ ఈ మూల. ఒక రేకు పెట్టు, తియ్యి, సగం పెట్టు. నీళ్లు గొట్టంలో ఒక వెంట్రుకవాసి తేడా ఉంటే మళ్లీ మొదటికి. నా నడుం విరిగింది. ఇదొక గంట. తర్వాత బల్బు తీగలు ప్లగ్గు కన్నాల్లో పెట్టి చూసి నాలుక చప్పరించాడు.

"ఎర్తు లేదు."

"నాలుగేళ్లుగా ఈ ప్లగ్గులోనే మిక్సీ వాడుతున్నాం!"

"సేపలు కడిగిన తడి సేతుల్తో ఈ ఇనప పెట్టి ముట్టుకుంటావు. నువ్వు పోతే మీ నాన్నకి నానేటి సెప్పాలి?"

ఎర్తు కోసం పెరట్లో గొయ్యి తవ్వడం మొదలెట్టాడు, ఆ వయసులో, ఆ ఎండలో. పార లాక్కుని నేనే తవ్వాను, వేరే గతేముంది. ఇనప గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొయ్యాలట. ఉప్పేదీ? చేపలకని తెచ్చుకున్న రాళ్లుప్పు మూట మొత్తం ఆ గోతిలో బోర్లించాడు. అడగనైనా అడగలేదు. నేను చూస్తూ నిలబడ్డాను. గోతిలోకి పోయింది ఉప్పు కాదు, నా ఆదివారం అనిపించింది.

ఐదింటికి బల్బు పెట్టి చూస్తే ధగధగా వెలిగింది. హమ్మయ్య అని నేను ప్లగ్గు అందుకున్నాను.

"ఆగు. అడ్డంగా తెచ్చినారు కదా. లోన ఆయిలు సర్దుకోవాల. ఒక రోజు నిలబడాల."

"పుస్తకంలో నాలుగు గంటలని రాశాడు. ఐదయింది!"

"పుస్తకం రాసినోడు మన క్యాంపు రోడ్ల మీద ఆటో ఎక్కినాడేటి? రేపు పన్నెండింటికి నానొచ్చి ఇప్పుతాను. ఆదివారానికి మంచుగెడ్డయిపోద్ది. భయం నేదు."

నేను మాట్లాడేలోపే ప్లగ్గుకి ట్యాగు కట్టేశాడు. ఇనపతీగ ప్లగ్గు పిన్నుల చుట్టూ నాలుగు మెలికలు వేసి ప్లయరుతో బిగించాడు. వేళ్లతో రాదు.

నాకు పూనకం వచ్చింది. నాలుగు నెలల చిరాకంతా ఆయన మీదే కక్కేశాను. "ఇది నీ ప్లాంటు కాదు మావయ్యా, నా ఇల్లు! నీకేం, రిటైరై కూర్చున్నావు, చేసేందుకు పని లేక నా బతుకు మీద పడ్డావు. రేపు పన్నెండింటికి నువ్వు రాకపోతే కత్తిరించి అవతల పారేస్తాను!"

ఆయన సంచి సర్దుకున్నాడు. కోపం రాలేదు. అదొకటి, ఆయనకి కోపం కూడా రాదు, మనమే ఒంటరిగా కోప్పడాలి.

"రాకపోతే ఎతుక్కోవాల. ఎక్కడున్నాడో ఎల్లి ఆ మనిసిని కల్లారా సూసినాకే ఇప్పాల. అదీ రూలు" అన్నాడు. సైకిలెక్కుతూ మళ్లీ వెనక్కి తిరిగి, "మూడు కేకలూ ఏసీసినాకే" అన్నాడు.

శనివారం పన్నెండయింది. రాలేదు. పన్నెండున్నర. ఆయన ఫోను ఎప్పుడూ ఆపేసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంటుంది, బ్యాటరీ ఖర్చవుతుందని. అయినా నాలుగుసార్లు చేశాను. మా ఆయన విశాఖ నుంచి చేశాడు. "చేపలు కొనీసేను. ఐసు పెట్టించేను. ఏటి, ఆన్ చేసేవా?" అని అడిగాడు. "చేస్తున్నా" అని అబద్ధం చెప్పి పెట్టేశాను. ఒంటిగంట. వంటింటి కత్తెర తెచ్చి తీగ మీద వేశాను. కత్తెర పదును పోయింది కానీ తీగ తెగలేదు. దోషం తీగది కాదు, బిగించినవాడిది. స్కూటీ తీశాను.

మరోదా దాకా దారంతా మనసులో తిట్లు వల్లించుకున్నాను. నీ చాదస్తం తగలెయ్య. మా నాన్న ఒక్కసారి కేకేసి బతికించిన పాపానికి జన్మంతా నన్నిలా సాధిస్తావా? ఇలాంటివే. ఆయన ఇంటి ముందు సైకిలు పక్కకి పడి ఉంది, సంచి హ్యాండిలుకే ఉంది. గేటు తీసే ఉంది. నేను గేటు దగ్గర్నుంచే మొదలెట్టాను.

"ఏం మావయ్యా, టైమెంతయింది? నీ ట్యాగూ నువ్వూ! అక్కడ నా కొంప..."

ముందుగదిలోంచి నలుగురైదుగురు తలలు తిప్పి నా వైపు చూశారు. నేలమీద చాప, చాప మీద ఆయన. తలదగ్గర దీపం. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టేసి ఉన్నాయి. ఆస్పత్రి నుంచి అప్పుడే తెచ్చారట.

నా నోట్లో మిగిలిన తిట్లు అలాగే ఉండిపోయాయి. నిజం చెప్తున్నాను, మొదట ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఇప్పుడా? నిన్న రేకు ముక్కలతో గంటలు గంటలు నిలబడ్డవాడివి, ఇవాళ పడుకున్నావా, పని నిలబడి ఉండగా?

మావయ్య పక్కన కూర్చున్న అత్త నన్ను చూసి గోడవైపు జరిగి చోటిచ్చింది. తర్వాత మెల్లిగా అంది.

"మీ ఇంటికేనమ్మా బయల్దేరినాడు. ఎనిమిదింటికే తయారైపోనాడు. పన్నెండుకి కదా అంటే, 'ఎండెక్కకముందే ఎల్లి ఆలింటికాడ కూకుంటాను, గుంట తొందర్లో ఇప్పీగల్దు' అన్నాడు. సైకిలు దింపుతా దింపుతా కూలబడిపోనాడు."

నా వల్లే అన్నట్టు చెప్పలేదు. అలా చెప్పినా బాగుండేది. నాలుగు గంటలు ముందొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, నన్ను కాపలా కాద్దామనుకున్నాడు. కూకుంటాను అన్నాడంటే అబద్ధమే, నిలబడే ఉండేవాడు. అది తలుచుకోగానే ఏడుపొచ్చింది, ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చాను.

సాయంత్రం అందరూ ఆయన్ని తీసుకెళ్లాక అత్త సైకిలు దగ్గరికి వెళ్లి, సంచిలోంచి ప్లయరు తీసి నా చేతిలో పెట్టింది. "అట్టుకెల్లు. ఆడ పని సగంలో ఉండిపోనాది కదా. ఆ మనిసికి తోచదు."

ఇంటికొచ్చి తలారా స్నానం చేశాను. వరండాలోకి వెళ్లాను. ఇంకా వెలుతురు ఉంది. మా ఆయన రైలెక్కానని మెసేజ్ పెట్టాడు, ఏ పెట్టెలో ఏ చేప ఉందో కూడా రాశాడు. నేను ప్లగ్గు ముందు గొంతుక్కూర్చున్నాను. ట్యాగు మీద ఆయన పేరు, శుక్రవారం తేదీ. కట్టినవాడే విప్పాలి. రాకపోతే వెతుక్కోవాలి, కళ్లారా చూశాకే విప్పాలి. వెతుక్కుంటూ వెళ్లాను, చూశాను. తిట్టడానికి వెళ్లి రూలు తప్పకుండా చేసుకొచ్చాను.

ప్లయరుతో ఒక్కో మెలికా విప్పాను. నాలుగు. ట్యాగు పారెయ్యబుద్ధి కాలేదు, మూత పిడికి తగిలించాను.

ప్లగ్గు పెట్టి స్విచ్ మీదికి చెయ్యి తీసుకెళ్లాను. మూడు కేకలూ ఇంకా వెయ్యలేదు. ఛీ, ఇదేం పిచ్చి, ఖాళీ పెట్టె ఇది అనుకున్నాను. గోడవతల దీదీ బట్టలు తీస్తోంది, వింటే నవ్విపోతుంది. అయినా లేచి మూత ఎత్తాను. తెల్లటి గోడలు, కొత్త ప్లాస్టిక్ వాసన. లోపలికి వంగాను.

"అందర్ కౌన్ హై?"

పది లెక్కపెట్టాను.

"అందర్ కౌన్ హై?"

మళ్లీ పది. ఈ రెండూ నాకు సులువే. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, బయట మాట్లాడేదంతా హిందీలోనే. మూడోది నేనెప్పుడూ అనలేదు. నాన్న అన్నాడు, ఆయన అన్నాడు. గొంతు సవరించుకుని, నాకు చేతనైనంత గట్టిగా, వాళ్లు అన్నట్టే అరిచాను.

"లోన ఎవులున్నారు?"

పది దాకా లెక్కపెట్టాను. పదితో ఆపలేకపోయాను. ఇరవై, ముప్పై దాకా వెళ్లాను. ఎవరూ "నానున్నాను" అనలేదు.

మూత వేసి, స్విచ్ వేశాను.